నిలబడితే వాచే పాదాలు నడిస్తే ఎందుకు వాయవు?

బట్టల షాపులో రోజంతా నిలబడితే సాయంత్రానికి రెండు పాదాలూ వాస్తున్నాయి, సెలవు రోజు ఎంత తిరిగినా వాయడం లేదు, గుండె రక్తాన్ని సరిగ్గా లాగడం లేదేమో అని అడిగారు. పొద్దున లేచేసరికి వాపు తీసేస్తోందంటే ముందు పట్టించుకోవాల్సింది మీ పిక్కల్ని. ఆయాసం ఉన్నా, మొహం ఉబ్బుతున్నా మాత్రం డాక్టరుకు చూపించుకోండి.

గుండె తోసిన రక్తం సన్నటి కేశనాళికలు దాటి సిరల్లోకి (రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే నాళాల్లోకి) వచ్చేసరికి దానికి మిగిలే ఒత్తిడి, బీపీ కొలిచే పాదరసం లెక్కలో, సుమారు 15 మిల్లీమీటర్లు. పడుకున్నప్పుడు అది చాలు, ఎందుకంటే ఆ రక్తం చేరాల్సిన గుండె గదిలో, అంటే కుడి కర్ణికలో, ఒత్తిడి దాదాపు సున్నా. కదలకుండా నిలబడితే గుండె నుంచి చీలమండ దాకా ఉన్న రక్తం బరువంతా కింద పడి, అక్కడి సిరల్లో ఒత్తిడి 80, 90కి చేరుతుంది. సిరలు సాగుతాయి, నీరు బయటికి ఊరుతుంది. అదే మీ వాపు.

అడుగు వేసినప్పుడు పిక్క కండ బిగుసుకుని లోపలి సిరల్ని పిండుతుంది, రక్తం పైకి పోతుంది. కండ వదులైనప్పుడు అది వెనక్కి జారకుండా సిరల్లోని కవాటాలు (ఒకవైపే తెరుచుకునే తలుపుల్లాంటివి) మూసుకుంటాయి, ఖాళీ అయిన చోటికి చర్మం కింది సిరల రక్తం వచ్చి చేరుతుంది. కొన్ని అడుగులకే చీలమండ దగ్గర ఒత్తిడి 30 లోపుకి దిగుతుంది. ఊపిరి పీల్చడమూ సాయమే: ఛాతీలో ఒత్తిడి తగ్గుతుంది, పొట్టలో పెరుగుతుంది, రక్తం పైకి కదులుతుంది.

కవాటాల పని మీ చేతిమీదే చూడొచ్చు. 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే రాసిన పరీక్షే ఇది. మోచేతి పైన గుడ్డ కొంచెం బిగించి కట్టండి. ముంజేతి మీద ఉబ్బిన సిరను మణికట్టు వైపు ఒక వేలితో నొక్కి పట్టి, ఇంకో వేలితో రక్తాన్ని మోచేతి వైపు, పైనున్న చిన్న బుడిపె (కవాటం ఉన్న చోటు అదే) దాటేదాకా తోయండి. పై వేలు తీసినా ఆ బుడిపె కింది ముక్క ఖాళీగానే ఉంటుంది. కింది వేలు తీయగానే నిండిపోతుంది. చూశాక కట్టు వెంటనే విప్పేయండి.

సిర బాగా సాగితే కవాటం రెక్కలు రెండూ కలవవు. రక్తం కిందికి జారి, కింది కవాటం మీద భారం పడుతుంది, తర్వాత అదీ చెడుతుంది. వేరికోస్ వెయిన్స్ (కాళ్ల మీద ఉబ్బి మెలికలు తిరిగే సిరలు) ముదిరేది చాలావరకు ఇలాగే.

కాబట్టి అరగంటకోసారి మడమలు ఎత్తి దించడం 20 సార్లు చేయండి. కౌంటర్ వెనకే చేయొచ్చు, ఎవరికీ తెలియదు కూడా. ఇంటికెళ్లాక కాళ్లు గుండె కంటే ఎత్తులో పెట్టి పావుగంట పడుకోండి. కంప్రెషన్ సాక్సు (కాలిని బిగించి పట్టే మేజోళ్లు) వాడేట్లయితే పొద్దున వాపు రాకముందే తొడగాలి. పై అంచు మడతపడి చుట్టుకుపోతే అదే తాడు కట్టినట్టు బిగిసి రక్తాన్ని ఆపుతుంది. షుగర్ ఉన్నవాళ్లు, పాదంలో నాడి సరిగా అందనివాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, నొప్పి, వేడి ఉంటే ఇవేవీ చేస్తూ కూర్చోకండి. లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్త ప్రవాహాన్ని చూపే స్కాన్) చేయించుకోవాలి. ఆ కాలిని మర్దన చేయనివ్వకండి.