సర్వర్ ఆపినందుకు పిల్లగాడు పనికిరాకుండా పోతాడా?

పరకాల నుంచి ఒక తండ్రి రాశారు: "సార్, మావాడు డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో సర్వర్లు చూసే ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. పోయిన వారం వాడి తప్పుతో కంపెనీ సైట్ గంటన్నర ఆగిందట. ఇంటికొచ్చి మళ్లీ పోనంటున్నాడు. మాన్పించి అమీర్‌పేటలో ఏఐ కోర్సులో చేర్పించాలా, ఇందులోనే ఉంచాలా?" ఏం జరిగిందో కొడుకుతో కూడా రాయించి పంపారు.

అన్నా, మీరు అడిగింది కోర్సు సంగతే గానీ, మీ లోపలి భయం వేరు. "మావాడికి ఇది చేతకాదేమో" అని. హనుమకొండలో నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో సగం మందిది ఇదే భయం. చేతనవుతుంది. ఆ కాగితం రెండుసార్లు చదివాకే చెప్తున్నా.

ఎన్జినెక్స్ అంటే సైట్‌ను జనానికి చూపించే సాఫ్ట్‌వేర్, దాని సెట్టింగుల ఫైల్‌లో ఒక సెమికోలన్ మరిచిపోయి, చెక్ చేయకుండా రీస్టార్ట్ కొట్టాడు. రీస్టార్ట్ అంటే నడుస్తున్నదాన్ని ఆపి మళ్లీ లేపడం, ఫైల్‌లో తప్పుంటే అది లేవదు. ఆపకుండానే కొత్త సెట్టింగులు చదివించే రీలోడ్ కొట్టి ఉంటే, తప్పున్నా పాత సెట్టింగులతోనే నడుస్తూ ఉండేది. ముందే 'ఎన్జినెక్స్ హైఫన్ టి' అనే కమాండ్ కొడితే తప్పు ఏ ఫైల్‌లో, ఏ లైను దగ్గరుందో రెండు సెకన్లలో చెప్పేది. అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. టెన్షన్‌లో పర్మిషన్ల గొడవేమో అనుకుని సర్వర్‌లోని తన హోమ్ ఫోల్డర్ మొత్తానికి 777, అంటే ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు అనే పర్మిషన్ ఇచ్చేశాడు. అట్లా అందరికీ తెరిచి పెడితే దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే తాళంచెవి లాంటి ఎస్ఎస్‌హెచ్ కీతో లాగిన్ కానివ్వదు, దాంతో తనే లోపలికి పోలేకపోయాడు. అప్పుడు దాచకుండా మేనేజర్‌కు తానే ఫోన్ చేసి చెప్పాడు చూడండి, ఆ గుణం ఏ కోర్సులోనూ దొరకదు.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీర్ రాత్రిపూట ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్‌లు చూస్తే పనిచేయలేదు. ఆరు గంటల కిందటి కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు, జరిగిందంతా ఆ కంపెనీయే లోకానికి రాసి చెప్పింది. అంతటివాళ్లకే తప్పలేదు.

ఇక ఏఐ కోర్సు. మూడు నెలల్లో ఉద్యోగం అనే బోర్డులంటే నాకు నమ్మకం లేదు. లెక్కలు, స్టాటిస్టిక్స్ పునాది లేకుండా కోడ్ కాపీ కొట్టి సర్టిఫికెట్ తెచ్చుకుని, ఏడాది తర్వాత మళ్లీ నా ముందే కూర్చున్న పిల్లలను చూశాను. ఆ మోడళ్లు నడిచేది కూడా ఎక్కువగా లైనక్స్ సర్వర్ల మీదే, అక్కడా జరిగిందల్లా రాసుకునే లాగ్ ఫైళ్లతో డిస్క్ నిండుతుంది, అక్కడా ఎవరో ఒకరు లేచి చూడాలి. వాడికే నిజంగా ఇష్టముంటే రెండేళ్లాగి, చేతిలో జీతం ఉండగా నేర్చుకోనివ్వండి.

ఒక మాట గట్టిగానే అంటా, ఏమనుకోవద్దు. "నలుగురిలో పరువు తీసినవ్" అని అన్నారట. పొలంలో మోటర్ కాలితే స్టార్టర్ చూస్తారు, ఫ్యూజ్ చూస్తారు, కొడుకు దగ్గరికొచ్చేసరికి పరువు ఎందుకొచ్చింది? ఆ మాట వెనక్కి తీసుకోండి. సోమవారం పొద్దున బస్టాండ్ దాకా మీరే బండి మీద దింపండి, దారిలో సర్వర్ ఊసెత్తకండి.