వేళ్ళ కీళ్ళ నొప్పికి శల్లకి మాత్రలు: నా చేతుల మీద చూసుకున్నది

మీ అమ్మగారి వేళ్ళ నొప్పులకు శల్లకి మాత్రలు పనిచేస్తాయా అని అడిగారు. 30 ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. వేళ్ళ చివరి కణుపుల మీద బుడిపెలు కట్టాయి, బొటనవేలి మొదట్లో నొప్పికి కత్తెర ఆడించలేకపోయేదాన్ని. డాక్టరు ఎక్స్‌రే చూసి కీళ్ళ అరుగుదలే అన్నాక శల్లకి వాడి చూశాను.

ఇది అందుగు చెట్టు బంక. అందులోని బోస్వెలిక్ ఆమ్లాలు వాపు పుట్టించే ఒక ఎంజైమును అడ్డుకుంటాయని ప్రయోగశాలలో చూశారు. అయితే దీని మీద పరీక్షలు ఎక్కువగా మోకాళ్ళకే జరిగాయి.

మాత్ర వేసుకోకముందే 4 వారాలు నోటుబుక్కులో రాశాను. ఈ పని మాత్రం మానకండి. నొప్పి భరించలేని రోజునే మనం కొత్త మందు మొదలుపెడతాం. ఆ నొప్పి దానంతట అదే తగ్గినా మాత్ర వల్లే అనుకుంటాం. రోజూ రాసినవి మూడే: లేచాక పిడికిలి బిగియడానికి ఎన్ని నిమిషాలు, నొప్పికి పదికి ఎన్ని, ఆగకుండా ఎన్ని హుక్కులు కుట్టాను. తర్వాత 8 వారాలు మాత్రలు, ఆపైన 4 వారాలు పూర్తిగా ఆపేశాను. అన్నాళ్ళూ వేడినీళ్ళ కాపడంగానీ పనిగానీ మార్చలేదు.

పొద్దుటి బిగుతు 20 నిమిషాల నుంచి సుమారు 12కు వచ్చింది, ఆపిన మూడో వారానికి మళ్ళీ 18కి చేరింది. నొప్పి 6 నుంచి 5కు తగ్గింది, అంతే. హుక్కుల లెక్క మారలేదు, బుడిపెలూ అలాగే ఉన్నాయి. బొటనవేలికి నిజంగా మేలు చేసింది, వేలు కదలకుండా పట్టి ఉంచడానికి డాక్టరు కట్టుకోమన్న పట్టీ.

మొదట్లో కడుపులో మంట వచ్చింది, భోజనం తర్వాత వేసుకుంటే తగ్గింది. అమ్మగారు రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. పసుపు సారం, మిరియాల సారం కలిపిన మాత్రలతో కాలేయం దెబ్బతిన్నవారూ ఉన్నారు, సీసా మీద ఏమేమి కలిపారో చదవండి.

పొద్దుటి బిగుతు గంటకు మించినా, అరచేతి దగ్గరి కణుపులు వాచి వెచ్చగా ఉన్నా అది రుమటాయిడ్, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ళను దెబ్బతీసే జబ్బు, కావచ్చు. మా పిన్ని అలాంటి వాపుకు ఏడాదిపాటు మూలికల పొడులు వాడింది. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికే వేళ్ళు వంకర తిరిగాయి, ఇప్పుడు ముద్ద కలుపుకోలేదు. దయచేసి ముందు ఆ సంగతి తేల్చుకోండి.

అమ్మగారు చేతులతో ఎక్కువగా చేసే పనేమిటో రాస్తే, ఏ లెక్క రాసుకోవాలో చెబుతాను.