మొదటి వార్‌బర్డ్‌గా స్పిట్‌ఫైర్ వద్దు, హరికేన్ కట్టండి

రెండేళ్లుగా ఫోమ్ ట్రైనర్ (రేడియోతో నడిపే, నేర్చుకోవడానికి వాడే మోడల్ విమానం) ఎగరేస్తున్నానని, ఇప్పుడు వార్‌బర్డ్, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ మోడల్ ఒకటి బాల్సాతో (తేలికైన చెక్క) కట్టాలని ఉందని రాశారు. స్పిట్‌ఫైరా, మస్టాంగా, ఎక్కడ దెబ్బ తినే అవకాశం ఉంది అని అడిగారు.

నన్నడిగితే రెండూ వద్దు. నేను స్పిట్‌ఫైర్‌తోనే మొదలుపెట్టి, మూడో ఫ్లైట్‌లో దాన్ని పత్తి చేలోంచి గోనెసంచిలో ఏరుకొచ్చాను.

అప్పట్లో మేం ఎగరేసేది చేవెళ్ల దాటాక ఒక రియల్ ఎస్టేట్ వెంచర్‌లో. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయి, ఇళ్లు మాత్రం రాలేదు. ఓనర్‌ని అడిగి, ఆ 40 అడుగుల తారు రోడ్డునే రన్‌వేగా వాడుకునేవాళ్లం. రోడ్డుకి రెండు పక్కలా హద్దురాళ్లు. స్పిట్‌ఫైర్‌కి చక్రాలు బాగా దగ్గర దగ్గరగా ఉంటాయి కదా, కొద్దిగా పక్కకి లాగిందంటే రెక్క నేలకి రాసుకుంటుంది. మొదటి రెండు ల్యాండింగ్‌లలోనూ అదే జరిగింది, ప్రొపెల్లర్లు రెండు పోయాయి. మూడోసారి మరీ జాగ్రత్తపడి నెమ్మదిగా దించబోయాను. థ్రాటిల్ (మోటార్ వేగం) తగ్గించి, రన్‌వే వైపు తిప్పుతూ, మలుపు సరిపోవడం లేదని ఎలివేటర్ (ముక్కుని పైకెత్తే తోక పలక) ఇంకాస్త లాగాను. ఎడమ రెక్క ఒక్కసారిగా కిందికి వాలింది. సరిచేద్దామని కుడికి ఐలరాన్ (విమానాన్ని పక్కకి వాల్చే రెక్క అంచు పలక) కొట్టాను, దాంతో ఇంకా వేగంగా తిరగబడింది. ఆ ఎత్తులో ఇక చేయగలిగింది ఏమీ లేదు. చేలో మందు కొడుతున్న పెద్దాయన వచ్చి చూసి, "గింత ఖర్చు పెట్టి గిట్ల పడగొడతరా సారూ?" అన్నాడు. సమాధానం లేదు నా దగ్గర.

తర్వాత ముక్కలు ముందేసుకుని చూస్తే తప్పు దొరికింది. రెక్క చివర వెనక అంచు కొద్దిగా పైకి లేచి ఉండాలి, వాషవుట్ అంటారు దాన్ని. ప్లాన్‌లో ఆ అంచు కింద 5 మిల్లీమీటర్ల పుల్ల పెట్టి అతికించమని గీసి ఉంది. నేను బల్లమీద చదునుగా పడుకోబెట్టి కట్టేశాను. ఆ మెలి లేకపోతే వేగం తగ్గినప్పుడు రెక్క చివరే ముందు చచ్చుబడుతుంది, అంటే విమానాన్ని మోసే శక్తి పోతుంది. అసలు స్పిట్‌ఫైర్‌కి కూడా రెక్కలో ఆ మెలి ఉంది.

హరికేన్ ఎందుకంటే, దాని చక్రాలు దూరం దూరంగా ఉంటాయి, రెక్క మందం. వెనక చక్రం ముడుచుకునేది కాదు కాబట్టి ఒక మెకానిజం బాధ తగ్గుతుంది. పైగా అసలు విమానమే వెనక సగం చెక్క పుల్లల మీద గుడ్డ కప్పి చేసింది. ఢిల్లీ పాలం ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఒక హరికేన్ ఉంది, దాని పక్కన నిలబడి చూడండి, రంగు కింద పుల్లలు పక్కటెముకల్లా కనబడతాయి. మనం బాల్సా పుల్లలు పేర్చి పైన పల్చటి గుడ్డ వేస్తే అదే రూపం దానంతటదే వస్తుంది. స్పిట్‌ఫైర్ ఒళ్లంతా నునుపుగా రావాలంటే గీకి గీకి వేళ్లు పోతాయి. మన కథ కూడా ఉంది దీనికి. 1944లో ఇంఫాల్‌లో అర్జన్ సింగ్ నడిపించిన మన ఎయిర్‌ఫోర్స్ నంబర్ 1 స్క్వాడ్రన్ ఎగరేసింది హరికేన్లే. నేను ఆ రంగులే వేశాను. జపాన్ వాళ్ల ఎర్ర గుండ్రంతో పొరబడకుండా ఈ వైపు పోరాడిన బ్రిటిష్, భారత విమానాల గుండ్రటి గుర్తుల్లో ఎరుపు తీసేసి ముదురు నీలం, లేత నీలం మాత్రమే ఉంచారు. వెంచర్‌లో చూసినవాళ్లంతా "రంగు తప్పేశారు" అంటుంటారు, ప్రతిసారీ ఇదంతా చెప్పాల్సి వస్తుంది.

సైజు 1/8 తీసుకోండి. అసలు రెక్క 40 అడుగులు, మీది 5 అడుగులు, అంటే 60 అంగుళాలు అవుతుంది. కారు వెనక సీట్లో పడుతుంది. ఇంతకంటే చిన్నది కడితే చవక అనుకుంటారు గానీ ఎగరేయడం కష్టం, ప్రతి గ్రాముకీ లెక్క చెప్పాలి.

ఇక అసలు విషయం బరువు. ముఖ్యంగా తోక బరువు. హరికేన్‌కి ముక్కు పొట్టి. తోక దగ్గర ఒక గ్రాము పెరిగితే దాన్ని తూచడానికి ముక్కులో సుమారు మూడు గ్రాములు పెట్టాలి. నాకిది తెలుసు. తెలిసి కూడా అందం మీద మోజుతో తోకకి మూడు కోట్లు రంగు కొట్టాను, గీతలు గీశాను, చిన్న చిన్న రివెట్లు కూడా చుక్కలు పెట్టాను. అంతా అయ్యాక రెక్క కింద రెండు వేళ్లు పెట్టి లేపితే తోక టపీమని బల్లకి కొట్టుకుంది. బ్యాటరీని ఫైర్‌వాల్‌కి (మోటార్ బిగించే ముందు పలక) ఆనించినా లాభం లేకపోయింది. చివరికి టైర్ల షాపుకి వెళ్లి, చక్రాల బ్యాలెన్సింగ్‌కి అతికించే బరువు బిళ్లలు కొన్నాను. "ఏ బండికి సార్?" అని అడిగాడు. విమానానికి అంటే నవ్వాడు. 240 గ్రాములు పట్టాయి. 2.7 కిలోలు అనుకున్నది 3.1 అయింది.

అందుకని కొట్టులో బాల్సా కొనేటప్పుడు వంటింటి డిజిటల్ త్రాసు పట్టుకెళ్లండి. ఒకే కొలత ఉన్న 3 మిల్లీమీటర్ల షీట్లలో ఒకటి 30 గ్రాములు, ఇంకొకటి 55 గ్రాములు ఉంటుంది. తేలికవి తోకకి, బరువువి ముక్కుకి. సర్వోలు (పలకల్ని కదిపే చిన్న మోటార్లు) వీలైనంత ముందుకి. ఫైర్‌వాల్‌కీ రెక్కల జాయింటుకీ ఎరాల్డైట్, పుల్లలకి ఫెవికాల్. అంతటా ఫెవిక్విక్ వాడేస్తే పని త్వరగా అవుతుంది గానీ అదురుకి జాయింట్లు విరుగుతాయి.

కరెంటు మోటార్ లెక్క సులువే, కిలోకి 300 వాట్లు ఉంటే ఈ బండికి చాలు. నాది 4ఎస్ 5000 (నాలుగు సెల్స్, 5000 ఎంఏహెచ్) బ్యాటరీ, 14x8 (అంగుళాల్లో వ్యాసం, పిచ్) ప్రొపెల్లర్. టైమర్ 6 నిమిషాలకి పెట్టుకుంటాను. రేడియో, చార్జర్ కాక మొత్తం 38 వేల దాకా అయింది, ఏడు నెలల ఆదివారాలు పట్టాయి. ఇంట్లో ఎవరైనా అడిగితే ఈ అంకె నేను చెప్పలేదు.

ఎగరేసే చోటు గురించి. 25 కిలోల లోపు, కంటికి కనబడే దూరంలో సరదాకి ఎగరేసేవాటిని 2021 డ్రోన్ రూల్స్‌లో మోడల్ విమానాలుగా విడిగా చెప్పారు. కానీ జోన్ల నియమం వీటికీ ఉంది. గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) 400 అడుగుల వరకు, ఎయిర్‌పోర్టు హద్దు నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. మన హైదరాబాద్‌కి శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ అన్నీ ఉన్నాయి కాబట్టి డిజిటల్ స్కై మ్యాప్ (ఏ చోటు ఏ జోనో చూపించే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్) చూడకుండా ఏ గ్రౌండ్‌లోనూ స్విచ్ వేయకండి.

మొదటి ఫ్లైట్ పొద్దున్నే, గాలి లేవకముందే. ఐలరాన్లు సరైన వైపు కదులుతున్నాయో లేదో ఇంకొకరి చేత కూడా చూపించుకోండి, ఆ టెన్షన్‌లో మన కళ్లు మోసం చేస్తాయి. థ్రాటిల్ ఒకేసారి తోసేయకండి, విమానం ఎడమకి లాగేస్తుంది. మెల్లగా పెంచుతూ కుడి రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోక పలక) పట్టుకోవాలి, తోక దానంతట అది లేచేదాకా ఎలివేటర్ కాస్త వెనక్కి ఉండాలి. గాల్లోకి లేచాక బాగా పైకి తీసుకెళ్లి, అక్కడ థ్రాటిల్ తగ్గించి ఎక్కడ రెక్క వాలుతుందో చూసుకోండి. నాది గంటకి 40 కిలోమీటర్ల దగ్గర వాలుతుంది. ఆ అంకె ఒంటికి పట్టాక ల్యాండింగ్ భయం సగం పోయింది.

నా హరికేన్‌ని మొదటిసారి దించేటప్పుడు మా గ్రూపులో ఒకాయన, ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు, వెనక నిలబడి ఒకటే మాట అంటూ ఉన్నారు: "తియ్యకు బాబూ, థ్రాటిల్ తియ్యకు, చక్రాలు ఆనాక తీద్దువుగాని." అలాగే చేశాను. రోడ్డు మీద రెండు చక్రాలూ ఒకేసారి ఆనాయి, తోక ఇంకా గాల్లోనే ఉంది, అలా ముప్పై అడుగులు పోయాక నింపాదిగా దిగింది. నేను రేడియో కింద పెట్టి రోడ్డు మీదే కూర్చుండిపోయాను.

ముడుచుకునే చక్రాలు మాత్రం మొదటి పది ఫ్లైట్లకి వద్దు, స్థిరంగా ఉండే కాళ్లే పెట్టండి. నేను ఐదో ఫ్లైట్‌కే మార్చి, ఒక కాలు దిగక పత్తి చేలో పొట్ట మీద దించాల్సి వచ్చింది. ఇప్పటికి 41 ఫ్లైట్లయ్యాయి. ఆ రోజు ఊడిపోయిన ఎడమ చక్రం తలుపు ఇప్పటికీ అదే పత్తి చేలో ఎక్కడో ఉంది.