వాగ్నర్ ‘రింగ్’ ప్రభావం చెవికి దొరకాలంటే ఎక్కడ వినాలి?

సినిమా సంగీతం మీద 19వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త రిచర్డ్ వాగ్నర్ ప్రభావం ఎలా తెలుస్తుంది, ఆయన ఒపెరా (పాటగా సాగే నాటకం) ‘రింగ్’ పదిహేను గంటలూ వినాల్సిందేనా అని అడిగారు. అక్కర్లేదు. నాలుగు భాగాల్లో మొదటిదైన ‘దస్ రైన్‌గోల్డ్’లో తొలి అరగంట చాలు.

హెడ్‌ఫోన్స్‌తో వినండి. డబుల్ బాస్‌ల అట్టడుగు స్వరంతో మొదలవుతుంది కాబట్టి ఫోన్ స్పీకర్‌లో ఏమీ వినబడదు, ఫైల్ పాడైందనుకుంటారు. తర్వాత ఎనిమిది హార్న్‌లు (ఇత్తడి ఊదుడు వాయిద్యాలు) ఒకదాని వెనక ఒకటి చేరతాయి. 136 బార్లు (తాళం ఆవర్తాల్లాంటివి), అంతసేపూ ఒకే ఇ-ఫ్లాట్ కార్డ్, అంటే ఒకే స్వరాల గుంపు.

మొదటి దృశ్యం చివర ఆల్బెరిక్ అనే మరుగుజ్జు రైన్ నదిలోని బంగారం ఎత్తుకుపోతాడు. తెర మారేటప్పుడు, ఆ బంగారంతో చేసే ఉంగరం బాణీ కొద్దికొద్దిగా రూపం మార్చుకుని, దేవతల కోట వల్‌హల్లా బాణీ అయిపోతుంది. దొంగ సొత్తుకీ దేవతల వైభవానికీ చుట్టరికం ఉందని వాగ్నర్ మాట లేకుండా చెప్పేశాడు. లైట్‌మోటిఫ్ (ఒక పాత్రకో వస్తువుకో కట్టిన బాణీ) బలం ఇదే. మన హీరో ఎంట్రీ బీజీఎం కథతో పాటు మారకుండా ప్రతిసారీ ఒకేలా మోగితే అది విజిటింగ్ కార్డే. 1930ల హాలీవుడ్‌లో సంగీత దర్శకులు మాక్స్ స్టైనర్, కోర్న్‌గోల్డ్ ఈ పద్ధతిని వాడారు. ‘స్టార్ వార్స్’కి జాన్ విలియమ్స్ కూడా.

చాలామంది చేసే పొరపాటు: బాణీల పేర్ల జాబితా ముందే బట్టీ పట్టడం. ఆ పేర్లలో చాలావరకు వాగ్నర్ పెట్టినవి కావు, ఆయన అనుచరుడు హాన్స్ ఫాన్ వోల్జోగెన్ రాసిన గైడుతో ప్రచారంలోకి వచ్చాయి. జాబితా పక్కన పెట్టి, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

1876లో ‘రింగ్’ పూర్తిగా ప్రదర్శించిన, జర్మనీలో వాగ్నర్ కట్టించిన బైరాయిట్ హాలు సంగతి ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. ఆర్కెస్ట్రా స్టేజీ కిందికి దిగిపోయి, పైన కప్పుతో కనబడకుండా ఉంటుంది. శబ్దం ముందు స్టేజీకి తగిలి, గాయకుల గొంతుతో కలిసి మనవైపు వస్తుంది. పక్క బాల్కనీలు లేవు, హాలంతా చీకటి, అందరి చూపూ ఒకే వైపు. సినిమా హాల్లో కూర్చునే తీరు గుర్తొస్తుంది కదా! (కొమ్ముల టోపీ వైకింగ్ బొమ్మ బాగా పాకిందీ ఆ 1876 ప్రదర్శన దుస్తుల నుంచే. వైకింగులు యుద్ధానికి అవి పెట్టుకున్నట్టు ఆధారాల్లేవు.)

ఆలోచనల్లో వారసత్వం చిక్కుముడే. జర్మన్ తత్వవేత్త ఫ్రీడ్రిక్ నీచే వాగ్నర్‌ని 1872లో ఆకాశానికెత్తి, 1888లో ఏకిపారేశాడు. నాటక రచయిత బెర్నార్డ్ షా 1898లో ‘రింగ్’ని పెట్టుబడిదారీ వ్యవస్థ మీద విమర్శగా చదివాడు. 1850లో వాగ్నర్ యూదుల మీద విషం కక్కుతూ రాసిన వ్యాసం, తర్వాత హిట్లర్ అభిమానం వల్ల ఇజ్రాయెల్‌లో ఆయన సంగీతం వాయిస్తే ఇప్పటికీ గొడవే.

నచ్చితే తర్వాత ‘రింగ్’ రెండో భాగం ‘డి వాల్క్యూరె’ మొదటి అంకం పెట్టుకోండి: గంట పైచిలుకు, ముగ్గురే గాయకులు.