విద్యా కమిటీ చైర్మన్ పని సంతకాలు పెట్టడమేనా?

అడిగిన ప్రశ్న: "మా ఊరి ప్రాథమికోన్నత పాఠశాల తల్లిదండ్రులు నన్ను విద్యా కమిటీ చైర్మన్‌గా ఎన్నుకున్నారు. అడిగినప్పుడు సంతకం పెట్టడం తప్ప పెద్ద పనేం ఉండదని అందరూ అంటున్నారు. హెచ్‌ఎం గారితో పేచీ రాకుండా, ఊరిని కలుపుకుని నిజంగా ఏమైనా చేయొచ్చా?"

చేయొచ్చండి, చాలానే చేయొచ్చు. ముందు మీ కుర్చీకి చట్టం ఇచ్చిన బలం ఎంతో తెలుసుకోండి. ఆ తర్వాత తీర్మానం రాయడం నేర్చుకోండి. కమిటీలు నీరుగారిపోయేది ఎక్కువగా ఈ రెండో దగ్గరే.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 21వ సెక్షన్ మీ కమిటీ గురించే. సభ్యుల్లో కనీసం ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. కమిటీకి అప్పగించిన పనులు మూడు: బడి ఎలా నడుస్తోందో చూడటం, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడటం. నెలకు ఒక్కసారైనా కూర్చోవాలని, చర్చించినదంతా రాసి జనానికి అందుబాటులో ఉంచాలని కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు చెబుతున్నాయి. అధ్యక్షత తల్లిదండ్రులది, హెచ్‌ఎం కన్వీనరు. అంటే మీరు ఆయన కింద లేరు, ఆయన మీ కింద లేరు. ఈ ఒక్కటి ఇద్దరికీ స్పష్టంగా ఉంటే సగం గొడవలు పుట్టనే పుట్టవు.

పేచీ సాధారణంగా ఎక్కడ మొదలవుతుందంటే, హెచ్‌ఎం గారికి ముందు చెప్పని విషయాన్ని చైర్మన్ నిండు సమావేశంలో లేవనెత్తినప్పుడు. అక్కడి నుంచి ఆయన సమాధానం చెప్పుకోవడం మొదలుపెడతారు, అసలు పని పక్కకు పోతుంది. అందుకని సమావేశానికి రెండు రోజుల ముందు ఒక అరగంట ఆయన గదిలో కూర్చోండి. ఏయే విషయాలు మాట్లాడాలో ఇద్దరూ కలిసి రాసుకోండి, నాలుగైదుకు మించనివ్వకండి. చేదు విషయం ఏదైనా ఉంటే అక్కడే చెప్పేయండి. ఇంకో జాగ్రత్త: తరగతి గదిలోకి వెళ్లి పాఠం ఎలా చెబుతున్నారో పరీక్షించడం, పిల్లల ముందు టీచర్‌ని నిలదీయడం మీ పని కాదు. టీచర్లు వేళకు వస్తున్నారా అని చూడటం మాత్రం మీ పనే. అలాగే వాళ్ల మీద చదువుకు సంబంధం లేని పనులు పడకుండా చూడటమూ మీ పనే. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే బయటి పనులకు టీచర్లను వాడకూడదని 27వ సెక్షన్ చెబుతుంది. ఆ మాట కమిటీ తరఫున కాగితం మీద పెట్టిచూడండి, స్టాఫ్ రూమ్‌లో మీ గురించి మాట్లాడే తీరే మారిపోతుంది.

ఇక జనం. ఉదయం 11 గంటలకు సమావేశం పెట్టి "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు" అనడం అన్యాయం. కూలికి పోయే మనిషి రోజు కూలి వదులుకుని రావాలి. నాట్లు, కోతల రోజుల్లో అసలు రాలేరు. సాయంత్రం బడి వదిలాక పెట్టండి, లేదా ఆ వారం పనులు ఎలా ఉన్నాయో సభ్యురాళ్లను అడిగి తేదీ పెట్టండి. ఆంధ్రలో తరగతికి ముగ్గురు చొప్పున ప్రతినిధులు ఉంటారు కదా, ఆ తరగతిలో 30 మంది పిల్లలుంటే ఒక్కో సభ్యురాలికి పది ఇళ్లు వస్తాయి. కబురు చెప్పే బాధ్యత అలా పంచేయండి. వాట్సాప్‌లో నోటీసు పడేస్తే చదివేది ఎప్పుడూ చదివే ఆ ఆరుగురే. ఎవరి పిల్లలు తరచూ బడి మానేస్తున్నారో, సరిగ్గా ఆ ఇళ్లకే మనిషి వెళ్లి చెప్పాల్సి ఉంటుంది.

మహిళా సభ్యుల విషయం కాస్త గట్టిగా చెబుతాను. చైర్‌పర్సన్ మహిళైతే ఆమె భర్త వచ్చి కుర్చీలో కూర్చోవడం, సభ్యురాళ్లు వెనక చాప మీద కూర్చుని చివర్లో వేలిముద్ర వేసి వెళ్లడం చాలాచోట్ల కనిపించేదే. దీన్ని మొదటి సమావేశంలోనే ఆపాలి. అందరూ ఒకే వరుసలో గుండ్రంగా కూర్చోవాలి, సభ్యులు కానివాళ్లు వినొచ్చు గానీ సభ్యుల బదులు మాట్లాడకూడదు. మరుగుదొడ్ల గురించి, భోజనం గురించి ముందు తల్లులనే అడగండి. పిల్ల ఇంటికొచ్చి ఏం చెబుతోందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఇప్పుడు తీర్మానం. రిజిస్టరులో సాధారణంగా కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: "పాఠశాలలో మరుగుదొడ్ల సమస్య ఉన్నది. సంబంధిత అధికారులు పరిష్కరించవలసిందిగా తీర్మానించడమైనది." దీని మీద ఏ అధికారీ ఏమీ చేయలేరు. ఎవరు, ఎంత, ఎప్పటిలోగా అన్నది అందులో లేదు. అదే విషయాన్ని ఇలా రాసి చూడండి: "బాలికల మరుగుదొడ్లు 4 ఉండగా 2 పనిచేయడం లేదు. ఒకదానికి లోపలి గడియ లేదు. రెండోదానికి ట్యాంకు నుంచి వచ్చే పైపు గోడ దగ్గర పగిలింది. 67 మంది బాలికలు మిగిలిన 2 వాడుతున్నారు. గడియ, పైపు, ప్లంబరు కూలీ పాఠశాల గ్రాంటు నుంచి చెల్లించాలి. పని చేయించే బాధ్యత హెచ్‌ఎం గారిది, గడువు ఈ నెల 20. ఏడో తరగతి సభ్యురాలు చూసి వచ్చే సమావేశంలో చెప్పాలి." గడియ లేని తలుపును ఒక పిల్ల బయట నుంచి పట్టుకుని నిలబడితే ఇంకో పిల్ల లోపలికి వెళ్తుంది. ఈ ఇబ్బందికి పెద్దపిల్లలు నెలలో కొన్ని రోజులు బడి మానేస్తారు. అంత చిన్న గడియకు అంత పెద్ద ఫలితం ఉంటుంది కాబట్టే అంకెలతో రాయమనేది.

తీర్మానం చదివి వినిపించాకే సంతకాలు. ఖాళీ పేజీ మీద, "తర్వాత రాసుకుంటాం" అన్న పేజీ మీద ఎవరు అడిగినా, ఎంత దగ్గరివాళ్లు అడిగినా పెట్టకండి. చివరి వాక్యం కింద గీత కొట్టించి, గీత కిందే సంతకాలు చేయించండి. పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పైకి పంపాల్సింది ఉంటే రెండు నకళ్లు తీసి, ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. రెండు వారాల్లో కదలిక లేకపోతే అదే నకలు జతచేసి డీఈవోకు (జిల్లా విద్యాధికారికి), ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమానికి. పిల్లల హక్కుకు భంగం కలిగిందన్న ఫిర్యాదును స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఇస్తే, 32వ సెక్షన్ ప్రకారం 3 నెలల్లో తేల్చాలి. తృప్తి కలగకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అయితే నేరుగా పైకి ఎగబాకకండి. హెచ్‌ఎం, ఎంఈవోలకు అవకాశం ఇవ్వకుండా కలెక్టరు దగ్గరికి వెళ్తే తర్వాత రెండేళ్లూ మీతో పనిచేయాల్సింది వాళ్లే.

డబ్బు సంగతి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద ఏటా ఇచ్చే పాఠశాల గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 30 లోపు ఉంటే ₹10,000, 31 నుంచి 100 దాకా ₹25,000, 250 దాకా ₹50,000, 1,000 దాకా ₹75,000, అంతకు మించితే ₹1,00,000. ఇందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు పెట్టాలి. అంటే 130 మంది ఉన్న బడిలో ₹5,000 చీపుర్లు, ఫినాయిల్, సబ్బులు, మరుగుదొడ్ల మరమ్మతులకు. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, మార్చి చివరి వారం దాకా కదలకుండా ఉండి, డబ్బు వెనక్కి పోతుందని హడావుడిగా అక్కర్లేనివి కొనేయడం. జనవరి సమావేశంలోనే "ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది" అని క్యాష్‌బుక్ తెరిపించి అడగండి. ప్రతి ఖర్చుకూ మూడు కలవాలి: తీర్మానం, బిల్లు, స్టాక్ రిజిస్టరులో ఎంట్రీ. మూడింటిలో ఒకటి లేకపోయినా అక్కడే ఆగి అడగండి. తప్పు పట్టడానికని కాదు, ఆడిట్ వచ్చినప్పుడు హెచ్‌ఎం గారితో పాటు మీ సంతకమూ ఉంటుంది కాబట్టి.

గ్రాంటు లెక్కంతా యూడైస్ వివరాల మీదే, అంటే ప్రతి బడీ ఏటా ఫారంలో నింపి ప్రభుత్వానికి పంపే వివరాల మీదే నడుస్తుంది. దానికి ప్రామాణిక తేదీ సెప్టెంబరు 30. ఆ ఫారంలో పిల్లల సంఖ్య, పనిచేసే మరుగుదొడ్లు, తాగునీరు, ర్యాంపు తప్పుగా పడితే ఆ తప్పు ఏడాదంతా వెంటాడుతుంది. పాడైపోయిన గదిని "బాగుంది" అని నింపేస్తే మీ మరమ్మతు అర్జీకి ఎవరు విలువిస్తారు? ఫారం పంపేముందు ఇద్దరు సభ్యులు చేతిలో దాన్ని పట్టుకుని బడంతా తిరిగి సరిచూడాలి. గంట పని.

భోజనానికీ లెక్క ఉంది. ప్రాథమిక తరగతుల్లో పిల్లకు రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. 6–8 తరగతులకు 150, 30, 75, 7.5. ఆ రోజు హాజరైన చిన్నపిల్లలు 80 మంది అనుకుంటే 8 కిలోల బియ్యం, 1.6 కిలోల పప్పు, 4 కిలోల కూరగాయలు. వారానికి ఒకరోజు ఇద్దరు తల్లులు వంట మొదలయ్యేముందే వెళ్లి కాటా దగ్గర నిలబడితే చాలు. వండాక చూస్తే పప్పు ఎంత వేశారో ఎవరూ చెప్పలేరు. వడ్డించేముందు పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు, వారిలో ఒక టీచర్, రుచి చూడాలన్నది నియమం. ఆ రిజిస్టరులో తల్లుల సంతకాలూ పడేలా చూడండి. వంట చేసే అక్కలతో మర్యాదగా ఉండండి. బిల్లులు ఆలస్యమైతే కిరాణా కొట్టులో అప్పు తెచ్చి వండేది వాళ్లే. బకాయి ఎన్ని నెలలదో కమిటీ తీర్మానంగా పైకి పంపితే వాళ్లు మీ మనుషులవుతారు.

అభివృద్ధి ప్రణాళికను ఎక్కువమంది ఫారం నింపడంగా చూస్తారు. ఊరిని కలుపుకోవడానికి దీన్ని మించిన సాధనం లేదు. మూడేళ్లకు ఒకటి, అందులో ఏడాదికో భాగం. ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం 3 నెలల ముందు, అంటే డిసెంబరు చివరికి సిద్ధం కావాలి. పిల్లల సంఖ్య అంచనా కోసం అంగన్‌వాడీ టీచర్ని కూర్చోబెట్టుకోండి. వచ్చే ఏడు ఒకటో తరగతికి వచ్చే పిల్లలు ఎవరో ఆమె రిజిస్టరులో పేర్లతో సహా ఉంటుంది. ఆ పేర్లు పట్టుకునే ఏప్రిల్, మే నెలల్లో ఇళ్లకు వెళ్లాలి. జూన్‌లో బడి తెరిచాక వెళ్తే ఆలస్యమైపోతుంది, అప్పటికే ప్రైవేటు బడి బస్సు వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. టీచర్ల కొరతను కూడా చట్టంలోని లెక్కతోనే రాయండి: 1–5 తరగతుల్లో 60 మంది దాకా ఇద్దరు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు, 200 దాకా ఐదుగురు. "టీచర్లు చాలడం లేదు" అన్న మాటకంటే "104 మందికి నలుగురు ఉండాలి, ముగ్గురు ఉన్నారు" అన్న వాక్యాన్ని కాదనడం కష్టం.

దాతల దగ్గరా ఆ ప్రణాళికే చూపించండి. పూర్వ విద్యార్థి ఎవరైనా వచ్చి ఆర్చి గేటు కట్టిస్తానంటారు, బడికి కావలసింది నీళ్ల మోటారు. జాబితా చేతిలో ఉంటే నొప్పించకుండా మళ్లించొచ్చు. నగదు మీ చేత్తో తీసుకోకండి. వీలైనంతవరకు వస్తువుగానే ఇప్పించి, అదే రోజు స్టాక్ రిజిస్టరులో దాత పేరుతో రాయించి, ఆ పేజీ ఫొటో ఆయనకు పంపండి. రెండో దాత వచ్చేది ఆ ఫొటో చూసే.

కమిటీ కాలం రెండేళ్లే. తీర్మానాల ఫొటోలు, అందినట్టు సంతకాలున్న నకళ్లు, ప్రణాళిక, ఇంకా పెండింగులో ఉన్న అర్జీల జాబితా ఒక ఫైలులో పెట్టి, కొత్త చైర్మన్ ఎన్నికైన రోజే సమావేశంలో అందరి ముందు అప్పగించి, అప్పగించినట్టు రిజిస్టరులో రాయించండి.