కొండదారిలో ఫోర్‌బైఫోర్: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఒడిశా సరిహద్దు జిల్లాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల యువకులలో జీపులూ పికప్‌లూ తీసుకొని సెలవు రోజుల్లో కొండదారులు తిరగాలనే ఆసక్తి బాగా పెరిగిందని ఈ నెల అందిన ఉత్తరాలు చెబుతున్నాయి. వాటిలో ఎక్కువ మందికి పనికివచ్చే ఏడు ప్రశ్నలను ఎంచుకున్నాను. ఉత్తరాలు దీర్ఘంగా ఉన్నందున వాటి సారాంశాన్ని మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న (రాయగడ): మా ఇంట్లో సరుకు తోలే మామూలు పికప్ ఉన్నది, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఫోర్‌బైఫోర్ కాదు. మిత్రులతో కలిసి కొండదారులు తిరగడానికి మహీంద్రా థార్ జీపు గాని, ఇసుజు వీ-క్రాస్ పికప్ గాని కొనక తప్పదా?

జవాబు: ఉన్న బండితోనే మొదలుపెట్టండి, కొనుగోలు ఆలోచనను ఒక ఏడాది వాయిదా వేయండి. మీ పికప్‌లో ఇంజను బలం వెనుక చక్రాలకు మాత్రమే అందుతుంది. ఆ రెండింటి మధ్య, అవి వేర్వేరు వేగాలతో తిరగడానికి వీలు కల్పించే డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక స్వభావం వల్ల, ఒక చక్రం బురదలో జారడం మొదలుపెట్టగానే అది ఊరికే గిరగిర తిరుగుతుంది, గట్టి నేల మీద ఉన్న రెండో చక్రం మాత్రం కదలదు. ఖాళీ పికప్‌కు వెనుక బరువు ఉండదు కనుక ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. వెనుక ఇరుసుకు సరిగ్గా పైన మూడు నాలుగు ఇసుక బస్తాలు వేసి, దొర్లకుండా బిగించి కట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. మన ఏజెన్సీ సంతలకు కమాండర్ జీపులు తోలిన పాత డ్రైవర్లలో చాలామంది ఫోర్‌బైఫోర్ లేని బండ్లతోనే ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చారు. ఏ రాయి మీద చక్రం ఎక్కించాలో, ఏ రాయిని రెండు చక్రాల నడుమకు వదలాలో వారు దూరం నుంచే చూసుకొని వచ్చేవారు. ఆ చూపు అలవడేంత వరకు ఖరీదైన బండి మిమ్మల్ని మరింత లోపలికి తీసుకుపోయి దిగబెడుతుంది, అంతే.

ఏడాది తర్వాత కొనాలనుకుంటే, లో రేంజ్ గేరు ఉన్నదా అని మొదట అడగండి. 2020లో వచ్చిన మూడు తలుపుల థార్‌లో ఈ నిష్పత్తి 2.48. అంటే అదే గేరులో, ఇంజను అంతే వేగంగా తిరుగుతున్నప్పుడు, బండి రెండున్నర రెట్లు నెమ్మదిగా నడుస్తూ దాదాపు అన్ని రెట్ల బలంతో లాగుతుంది. కొండదారిలో మనకు కావలసింది ఆ నెమ్మదే. రెండో విషయం పొడవు. ఇరుసుల మధ్య దూరం ఆ థార్‌కు 2,450 మిల్లీమీటర్లు, ఐదు తలుపుల మారుతి జిమ్నీకి 2,590, వీ-క్రాస్‌కు 3,095. శ్రీసిటీలో తయారయ్యే వీ-క్రాస్ బరువు మోయడానికీ దూరప్రయాణానికీ నమ్మదగిన బండి, కాని మిట్ట దాటేటప్పుడు దాని కడుపు నేలకు రాసుకుంటుంది, ఇరుకు మలుపుల్లో రెండు మూడు సార్లు ముందుకూ వెనక్కూ తీసుకోవలసి వస్తుంది. మన ఘాట్‌ల వెనుక ఉన్న బండిబాటలకు పొట్టి బండే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న (జయపురం): భద్రంగా ఉంటుందని తారు రోడ్డు మీద కూడా ఫోర్-హైలోనే (నాలుగు చక్రాలకూ బలం అందే మామూలు వేగపు గేరులోనే) నడుపుతున్నాను. మలుపుల్లో బండి పట్టేసినట్టు అవుతున్నది. ఏదైనా లోపమా?

జవాబు: బండిలో లోపం లేదు, వాడకంలోనే ఉన్నది. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. మీ బండి వంటి వాటిలో ముందు ఇరుసూ వెనుక ఇరుసూ నేరుగా బిగుసుకొని ఉంటాయి కనుక ఆ తేడా తీరే మార్గం ఉండదు. మట్టిలోనైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద అది కుదరదు, ఒత్తిడంతా గేర్ల మీదా షాఫ్టుల మీదా పడుతుంది. తారు ఎక్కగానే టూ-హైకి, అంటే రెండు చక్రాలకే బలం అందే గేరుకు మార్చండి. లివర్ బిగుసుకొని రాకపోతే తిన్నగా నాలుగు మీటర్లు వెనక్కి తీసుకుంటే వదులుతుంది.

ప్రశ్న (పర్లాకిమిడి): బురదలో దిగబడినప్పుడు పక్క బండితో తాడు కట్టి లాగిస్తున్నాము. రెండుసార్లు తాడు తెగింది. ఎంత లావు తాడు కొనాలి?

జవాబు: తాడు గురించి చెప్పే ముందు, తాడు దాకా రాకుండా చూసుకొనే పద్ధతి చెబుతాను. చక్రం ఖాళీగా తిరగడం మొదలుకాగానే యాక్సిలరేటర్ వదిలేయండి. ఆ తర్వాత తిరిగే ప్రతి చుట్టూ గొయ్యిని లోతు చేయడానికే పనికివస్తుంది. దిగి, టైర్లలో గాలి తగ్గించండి. రోడ్డు మీద 32 పీఎస్‌ఐ ఉండే టైరును 20కి దింపితే అది నేల మీద పొడవుగా పరుచుకొని పట్టు దొరుకుతుంది. 15 కంటే దింపితే మామూలు రిమ్ము నుంచి టైరు ఊడే ప్రమాదం ఉన్నది. చక్రాల ముందు మట్టిని పారతో ఏటవాలుగా చెక్కి, రాళ్ళో ఎండు కొమ్మలో పరిచి, రెండో గేరులో మెల్లగా కదిలించండి. పదింట ఏడెనిమిది సార్లు బండి తనంతట తానే బయటికి వస్తుంది. తారు ఎక్కే ముందు మళ్ళీ గాలి నింపుకోవాలి కనుక 12 వోల్టుల పంపు వెంట ఉండి తీరాలి.

ఇక తాడు. కుదుపుతో లాగడానికి సాగే నైలాను తాడు వేరు, నిదానంగా లాగడానికి సాగని పట్టీ వేరు. సాగని పట్టీతో కుదుపు ఇస్తే ఏదో ఒకటి తెగి తీరుతుంది. తెగేది తాడే అయితే అదృష్టం. పన్నెండేళ్ళ కిందట మోహన వైపు ఒక బృందంతో వెళ్ళినప్పుడు, దిగబడిన జీపు బంపరుకు తాడు కట్టి ముందు బండి కుదుపు ఇచ్చింది. తాడు నిలబడింది, బంపరు బ్రాకెట్ ఊడింది. అరచేయంత ఆ ఇనుప ముక్క ముందు బండి వెనుక అద్దం పగలగొట్టుకొని లోపలికి వెళ్ళి, సీటు తలదిండులో గుచ్చుకొని ఆగింది. ఆ సీటులో కూర్చొని ఉండవలసిన అబ్బాయి అంతకు నిమిషం ముందే మంచినీళ్ళకు దిగాడు. అప్పటి నుంచి బంపరుకు గాని, ట్రైలర్ తగిలించే గుండుకు గాని తాడు కట్టేవారిని నేను వెంట తీసుకుపోవడం లేదు. ఛాసిస్‌కు బిగించిన కొక్కేనికే, మోయగల బరువు ముద్ర వేసిన షాకిల్‌తోనే (పిన్ను బిగించే ఇనుప కొలికితోనే) కట్టాలి. మన తరహా బండ్లకు 4.75 టన్నుల ముద్ర ఉన్నది సరిపోతుంది. తాడు మధ్యలో తడి గోనెసంచి వేలాడదీయండి, తెగినా తాడు నేలకు పడుతుంది. మిగిలిన వారందరూ తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో, పక్కగా నిలబడాలి.

ప్రశ్న (గుణుపురం): వంశధారలో కలిసే గెడ్డలు దాటేటప్పుడు ఎంత లోతు వరకు బండి దింపవచ్చు?

జవాబు: కంపెనీ చెప్పే లెక్క థార్‌కు 650 మిల్లీమీటర్లు, టయోటా హైలక్స్ పికప్‌కు 700. అది నిలిచిన నీటికి, గట్టి అడుగుకు చెప్పిన లెక్క. పారే గెడ్డలో నీటి తోపు బండిని పక్కకు నెడుతుంది కనుక మోకాలి లోతు దాటి వేగంగా పారుతుంటే దిగవద్దు. ఎగువన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగుతుంది. నీరు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకువస్తున్నా ఆ రోజుకు ఒడ్డునే ఆగిపోవాలి.

ముందుగా ఒకరు కర్రతో నడిచి దాటాలి. గుణుపురానికి అవతల ఒక రేవు దగ్గర నేను లోతు చూసుకుంటుండగా, కట్టెల మోపుతో వస్తున్న ఒక సవర ఆమె మాటేమీ లేకుండా చేత్తో ఆగమని సైగ చేసి, తాను నడిచి చూపించింది. నేను తిన్నగా దాటాలనుకున్న చోట కాక, దిగువకు వంపు తిరిగిన చోట నీరు ఆమె పిక్కలు దాటలేదు. ఆ గెడ్డను రోజుకు రెండుసార్లు దాటేవారు చెప్పింది బండి కొలతల కంటే గట్టి లెక్క.

దిగిన తర్వాత లో రేంజ్‌లో, మనిషి నడక వేగంతో, గేరు మార్చకుండా దాటండి. నీటి మధ్య ఇంజను ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయవద్దు. గాలి పీల్చుకొనే గొట్టంలోకి నీరు పోయి ఉంటే పిస్టన్ దానిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇలా లోపలికి పోయిన నీటితో ఇంజను చెడితే, ప్రత్యేకంగా ఇంజను రక్షణ కవరు తీసుకోని మామూలు బీమా సాధారణంగా ఆ ఖర్చు ఇవ్వదు. ఇంటికి వచ్చాక డిఫరెన్షియల్ నూనె నీరు చేరి పాల రంగులోకి మారిందేమో చూడండి.

ప్రశ్న (బరంపురం): మా అబ్బాయి కొత్త బండికి ముందు పెద్ద ఇనుప కంచె, బయటికి పొడుచుకొచ్చే వెడల్పు టైర్లు వేయించాలంటున్నాడు. తల్లిగా అడుగుతున్నాను, అవసరమా?

జవాబు: అవసరం లేదమ్మా. ఆ ఇనుప కంచెలు చట్టవిరుద్ధమని, చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. కారణం కూడా సరైనదే. ఢీకొన్న దెబ్బ నేరుగా ఛాసిస్‌కు చేరుతుంది, ఎయిర్‌బ్యాగులు సరైన క్షణంలో తెరుచుకోకపోవచ్చు, ఎదురుగా ఉన్న మనిషికి గాయం పెద్దదవుతుంది. తయారీదారు కొలతలకు భిన్నమైన మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతించదు. అబ్బాయి ఆ డబ్బుతో కంపెనీ కొలతలోనే దొరికే రోడ్డుకూ మట్టికీ పనికివచ్చే మంచి ఆల్-టెరైన్ టైర్లు, ఒక పార, ఒక గాలి పంపు, ప్రథమ చికిత్స పెట్టె కొనుక్కోమనండి. ఒంటరిగా మాత్రం పంపవద్దు, కనీసం రెండు బండ్లు కలిసి వెళ్ళాలి.

ప్రశ్న (సునాబెడ): దేవమాలి, నియమగిరి, మహేంద్రగిరి వైపు కొత్త దారులు వెతకాలని ఉన్నది. అనుమతి ఎవరిని అడగాలి?

జవాబు: కొత్త దారి వెతకడం అనే మాటను ముందు పక్కన పెట్టండి. ఈ కొండల్లో మనిషి నడవని దారి లేదు. మనకు కొత్తగా కనబడే ప్రతి బాటా ఎవరో పొలానికో, ఊటకో, సంతకో రోజూ నడిచేదే. కోరాపుట్, రాయగడ, మల్కనగిరి జిల్లాలు పూర్తిగా ఐదో షెడ్యూలు ప్రాంతాలు, అంటే ఆదివాసుల రక్షణకు రాజ్యాంగం ప్రత్యేకంగా గుర్తించినవి. రిజర్వు అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా బండి తీసుకుపోవడం నేరం. గజపతిలోని లఖారి లోయ వంటి అభయారణ్యాలకు నిబంధనలు ఇంకా కఠినం, అక్కడ ఏనుగులు కూడా ఉన్నాయి. కనుక డివిజను అటవీ అధికారి కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. ఆ తర్వాత ఊరి పెద్దలను విడిగా అడగండి. కాగితం ఉన్నది కదా అని ఈ రెండో పని మానవద్దు.

దేవమాలి 1,672 మీటర్లతో ఒడిశాలో అన్నింటికంటే ఎత్తైన శిఖరం. దాదాపు పైదాకా రోడ్డు ఉన్నది, రోడ్డు మీదే ఉండండి. అక్కడి గడ్డినేల మీద ఒక్కసారి చక్రం తిరిగితే ఎర్రమట్టి బయటపడుతుంది, తర్వాతి వానకు అదే గాడి వాగులా కోసుకుపోతుంది, కొట్టుకుపోయిన మట్టి దిగువన గెడ్డ వెంట మెట్లుమెట్లుగా ఉన్న వరిమళ్ళలో మేట వేస్తుంది. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ ప్రాముఖ్యం గల వారసత్వంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో గుర్తించడంలో ఈ కొండవాలు సేద్యమూ భాగమే.

నియమగిరి మీదికి బండి వద్దు. డోంగ్రియా కొందులకు ఆ కొండ నియమరాజు, దైవం. 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు జరిగిన 12 గ్రామసభలూ అక్కడ బాక్సైటు తవ్వకం వద్దని తేల్చి చెప్పాయి. అంత స్పష్టంగా తమ మాట చెప్పిన వారి కొండను మన ఆదివారపు సరదాకు దున్నడం నాకు సమ్మతం కాదు. కింద ఉన్న దారుల్లో వెళ్ళాలన్నా బుధవారం మానుకోండి. ఆ రోజు చాటికోన సంత. పసుపు, అనాస, అరటి తలకెత్తుకొని వరుసగా దిగివచ్చే ఆడవారికి ఆ బాటలో ఒక మనిషి వెడల్పే ఉంటుంది, జీపు ఎదురైతే వారు మోపుతో సహా తుప్పల్లోకి తప్పుకోవలసి వస్తుంది. మహేంద్రగిరి విషయంలో, తుపాను వానల రోజుల్లో అటు చూడవద్దు. 2018 తిత్లీ తుపానుకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు నేల గట్టిగా ఉంటుంది.

ప్రశ్న (సెమిలిగుడ): గత వారం దారి తప్పి మేము మూడు బండ్లతో ఒక చోడి (రాగి) చేను అంచు మీదుగా వెళ్ళాము. పంట కోసేసి ఉన్నది, రైతు కూడా ఏమీ అనలేదు. అయినా మనసు ఊరుకోవడం లేదు. ఏమి చేయాలి?

జవాబు: తిరిగి వెళ్ళండి, ఈ ఆదివారమే వెళ్ళండి. బండ్లను ఊరి బయట రోడ్డు మీద ఆపి, పారలూ పలుగూ భుజాన వేసుకొని నడిచి వెళ్ళండి. ముందుగా ఆ రైతును కలిసి, జరిగింది చెప్పి, ఆయన చూపించిన ప్రకారమే పని చేయండి. చక్రాల గాళ్ళలో వదులు మట్టి పోసి వదిలేస్తే మొదటి వానకే కొట్టుకుపోతుంది. కాబట్టి మట్టిని పొరలు పొరలుగా వేసి కాలితో తొక్కి గట్టిపరచండి. వాలు ఉన్న చోట నాలుగైదు అడుగులకు ఒకటి చొప్పున గాడికి అడ్డంగా రాళ్ళు పేర్చి, నీరు గాడి వెంట పరుగెత్తకుండా పక్క గడ్డిలోకి మళ్ళేటట్టు చేయండి. గట్టు తెగి ఉంటే అది అన్నింటికంటే ముందు కట్టాలి. మూడు బండ్ల వారు ఆరుగురు ఉంటే ఒక పూటలో అయిపోయే పని. కోసిన చోడి వెన్నులు కుప్ప వేసి ఉంటే దాని మీద మట్టి పడకుండా చూడండి. నష్టపరిహారం ఎంతని ఆయనే చెప్పనివ్వండి, బేరం ఆడవద్దు. తొలకరి పడ్డాక జూన్‌లో మరొక్కసారి వెళ్ళి, రాళ్ళు కదిలిన చోట మళ్ళీ పేర్చి రండి.