ఇంట్లో ఆయిల్ ఫిల్టర్ విప్పితే వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. రెండేళ్ల నాలుగు నెలల కిందట 7 లక్షల 40 వేలు పెట్టి కొత్త పెట్రోల్ కారు కొన్నాం. వారంటీ మూడేళ్లు. ఎనిమిది నెలల కిందటి దాకా సర్వీసులన్నీ షోరూమ్‌లోనే చేయించాను. ఈసారి ఆయిల్ నేనే మార్చుకుందామని కారు కిందికి దూరితే ఫిల్టర్ ససేమిరా కదల్లేదు. కప్పు పానా వేస్తే జారిపోయింది. చివరికి స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పితే డబ్బా చిరిగి ఎలాగో ఊడింది. కొత్తది బిగించాను. మర్నాడు చిత్తూరు వెళ్తుంటే చంద్రగిరి దాటాక ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది. రెండు కిలోమీటర్లు పోయి పెట్రోల్ బంకులో ఆపేసరికి ఇంజిన్ పట్టేసింది. షోరూమ్ వాళ్లు ‘బయట విప్పారు కాబట్టి వారంటీ మొత్తం రద్దు’ అంటున్నారు. 86 వేలు ఎస్టిమేట్ ఇచ్చి, ఇంజిన్ విప్పడానికి సంతకం పెట్టమంటున్నారు. ఫిల్టర్‌ను అంత గట్టిగా బిగించింది వాళ్లే కదా, కేసు వేయవచ్చా?

జవాబు: సంతకం ఇప్పుడే పెట్టకండి. కేసు గురించి తేల్చే ముందు ఒక ప్రశ్న: ఆ చిరిగిన పాత ఫిల్టర్ ఎక్కడుంది? చెత్తబండికి వేసెయ్యకపోతే ఈ రోజే దాన్ని తుడవకుండా, కడగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతికట్టండి. మీ కేసులో ముఖ్యమైన సాక్షి అదే. ముఖ్యంగా దాని మూతి అంచున నల్ల రబ్బరు రింగు ఉందో లేదో చూడండి.

ఎందుకంటే, ఫిల్టర్ మొరాయించి ఊడినప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఇదే. వేడికి కాలి కాలి రబ్బరు ఇంజిన్ ముఖానికి అంటుకుపోతుంది. డబ్బా ఊడుతుంది, రింగు అక్కడే ఉండిపోతుంది. నల్లటి జిడ్డులో నల్లటి రింగు కంటికి ఆనదు. దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే రింగు మీద రింగు పడుతుంది. ఇంట్లో స్టార్ట్ చేసి చూస్తే చుక్క కారదు. హైవే మీద వేగం పెరిగి ఆయిల్ ప్రెషర్ ఎక్కగానే పై రింగు పక్కకు జారి, ఉన్న మూడు మూడున్నర లీటర్లూ నిమిషాల్లో రోడ్డు పాలవుతాయి. మీరు చెప్పిన వరస సరిగ్గా దీనికే సరిపోతోంది. పాత ఫిల్టర్ మూతికి రింగు లేదంటే, ఇంజిన్ ముఖం మీద రెండు రింగులు కనబడితే, తప్పు మీదే అని తేలుతుంది. ఇది మీకు నచ్చే మాట కాదు, కానీ షోరూమ్ వకీలు మొదట అడిగేది ఇదే.

వేరే అవకాశాలూ లేకపోలేదు. ఫిల్టర్‌ను మోసే మరల గొట్టం, అంటే ఇంజిన్‌లో దిగి ఉండే చిన్న నిపుల్, పాత ఫిల్టర్‌తో పాటే తిరిగి వదులై ఉండవచ్చు. పోయినసారి సర్వీసులో మర అడ్డంగా ఎక్కించి ఉంటే దాని మరలు నలిగి ఉంటాయి. వేరే మోడల్‌కు చెందిన ఫిల్టర్ వేసి ఉండవచ్చు. లేదా మీ స్క్రూడ్రైవర్ లోపలికి దూరి ఆ నిపుల్‌కే దెబ్బ తగిలి ఉండవచ్చు. ఆయిల్ దించే బోల్టు వాషర్ మార్చకపోవడం, బోల్టు వదులుగా ఉండటం కూడా చూడాలి. వీటిలో ఏది జరిగిందన్నదాన్ని బట్టే డబ్బు ఎవరి జేబులోంచి పోవాలో తేలుతుంది.

మీరు పట్టుకున్న వాదన, ‘గట్టిగా బిగించింది వాళ్లే’ అన్నది, అనుకున్నంత బలమైనది కాదు. ఫిల్టర్ రింగుకు కొత్త ఆయిల్ రాసి, ముఖానికి తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పడం సాధారణ పద్ధతి. పొడి రింగు వేసినా, పానాతో నొక్కి బిగించినా విప్పేటప్పుడు చుక్కలు కనబడతాయి. అయితే సరిగ్గా బిగించిన ఫిల్టర్ కూడా వేల కిలోమీటర్ల వేడికి అంటుకుపోతుంది. కాబట్టి ఊడకపోవడం ఒక్కటే సేవాలోపానికి రుజువు కాదు. పాత డబ్బా పక్కల మీద మీ పానా గాట్లు కాకుండా ముందటి గాట్లు ఉన్నాయని, నిపుల్ మరలు అంతకుముందే దెబ్బతిన్నాయని ఒక ఇంజనీరు చెప్పగలిగితే మాట వేరు.

ఇక షోరూమ్ మాటకొద్దాం. ‘బయట విప్పారు, మొత్తం రద్దు’ అనడం చెల్లదు. మీ వారంటీ పుస్తకం తెరిచి చూడండి. మామూలుగా అందులో ఉండేది, సరికాని మెయింటెనెన్స్ వల్ల వచ్చిన నష్టానికి వారంటీ వర్తించదు అని. ఆ నష్టం ఫలానా పని వల్లే వచ్చిందని చూపాల్సింది దాన్ని అడ్డం పెట్టుకునేవాళ్లే. మీరు ఆయిల్ మార్చినందుకు గేర్‌బాక్సుకూ ఏసీకీ వారంటీ ఎలా పోతుంది? 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, అంటే మార్కెట్లో పోటీ సవ్యంగా ఉందో లేదో చూసే కేంద్ర సంస్థ, 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వులో ఈ సంగతి సూటిగానే ఉంది: బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీని గంపగుత్తగా రద్దు చేసే షరతు పెట్టకూడదు, బయటి పని సరిగా లేక ఎంత నష్టం జరిగిందో అంతవరకే నిరాకరించవచ్చు. ఆ ఉత్తర్వు అప్పీళ్లకు వెళ్లింది, పైగా అది స్వతంత్ర మెకానిక్‌ల గురించి చెప్పింది. కాబట్టి శిలాశాసనంలా ముందు పెట్టకుండా, నోటీసులో తోడు వాదనగా వాడండి.

అయితే ఆ ఉత్తర్వు రెండో సగం మీకే తగులుతుంది. రెండు రింగులు దొరికితే ఇంజిన్ వరకు వారంటీ అడగలేరు. మిగతా కారుకు మాత్రం వారంటీ కొనసాగుతుందని రాతపూర్వకంగా తీసుకోండి. అదీ చిన్న లాభం కాదు, ఇంకా ఎనిమిది నెలలు మిగిలి ఉంది.

ఆ రెండు కిలోమీటర్ల సంగతి కూడా దాచిపెట్టొద్దు. ఎర్ర లైటు వెలిగిందంటే ఆయిల్ తగ్గిందని కాదు, ప్రెషర్ పోయిందని. ఆ క్షణమే పక్కకు తీసి ఆపేస్తే ఫిల్టర్, ఆయిల్ ఖర్చుతో బయటపడే అవకాశం ఉండేది. నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం చేశారా అన్నది 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ వివరణలోనే ఉంది. షోరూమ్ తప్పు రుజువైనా, మొత్తం 86 వేలు రావడానికి ఇది అడ్డంకి అవుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. షోరూమ్ మేనేజర్‌కు ఈమెయిల్, దాంతోపాటు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. ‘నేను లేనప్పుడు ఇంజిన్ విప్పవద్దు. కొత్త ఫిల్టర్‌ను, దాని కింద రింగును, నిపుల్‌ను, ఆయిల్ బోల్టును నా సమక్షంలో, నా తరఫు ఇంజనీరు సమక్షంలో తీసి ఫోటోలు, వీడియో తీయాలి. తీసిన భాగాలను ఇరువైపుల సంతకాలతో సీలు వేయాలి. వారంటీ నిరాకరణకు కారణం, సంబంధిత నిబంధన సంఖ్య రాసి ఇవ్వాలి’ అని నాలుగు వాక్యాలు చాలు. గతసారి జాబ్ కార్డు, బిల్లు కాపీ అడగండి. బిల్లులో ఫిల్టర్ పార్ట్ నంబరు ఉంటుంది. దాన్ని పాత డబ్బా మీది నంబరుతో పోల్చండి. మీరు కొన్న ఆయిల్ గ్రేడు, ఫిల్టర్ బిల్లులు కూడా తీసిపెట్టుకోండి. ఫోన్లో ఫోటోలుంటే వాట్సాప్‌లో పంపి అసలువి చెరిపేయకండి. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేస్తే అభ్యంతరాలు రావు.

ఇంజనీరు కోసం వెతుకుతుంటే, లైసెన్సు ఉన్న మోటారు సర్వేయరు గానీ, ఇంజనీరింగ్ కాలేజీ మెకానికల్ విభాగంలో పనిచేసే అధ్యాపకుడు గానీ మేలు. వీధి చివరి మెకానిక్‌కు పని మీకన్నా నాకన్నా బాగా తెలిసినా, వినియోగదారుల కమిషన్ ముందు అతని చీటీ తేలిపోతుంది.

తనిఖీలో షోరూమ్ లోపం బయటపడితేనే కేసుకు వెళ్లండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. కొర్లగుంట కాబట్టి తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కే, చిత్తూరు దాకా పోనక్కర్లేదు. ఫీజు మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, చెల్లించిన ధరను బట్టి. సర్వీసు లోపమే ఆధారమైతే సర్వీసు బిల్లు 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. తయారీ లోపమని కంపెనీని కూడా కలిపితే కారు ధర 7 లక్షల 40 వేలు లెక్కలోకి వస్తుంది, అప్పుడు 200 రూపాయలు. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా కూడా వేయవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. కొన్ని గొడవలు అక్కడే సర్దుకుంటాయి.

ఫిర్యాదు రాసేటప్పుడు రెండు పొరపాట్లు చేయకండి. ‘ప్రొడక్ట్ లయబిలిటీ’, అంటే వస్తువు లోపం వల్ల జరిగిన హానికి బాధ్యత, అని రాయవద్దు. దాని విషయంలో ‘హాని’ అంటే ఆ వస్తువుకే జరిగిన నష్టం కాదని అదే 2019 చట్టం సెక్షన్ 2(22) చెబుతోంది. ఇంజిన్ పాడవడం అందులోకి రాదు. అలాగే వారంటీ నిబంధన ‘అన్యాయపు కాంట్రాక్టు’ అని, దాన్ని కొట్టేయాలని జిల్లా కమిషన్‌ను అడగవద్దు. ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌ది. సేవాలోపం, వారంటీని అకారణంగా నిరాకరించడం, ఈ రెండింటితోనే నడపండి.

నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబు వేయాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. ల్యాబు పరీక్ష అవసరమైతే కమిషనే పంపిస్తుంది, దాని ఖర్చు ముందుగా మిమ్మల్ని కట్టమంటుంది. తీర్పు మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో రావాలని చట్టం అంటున్నా, దానికి మించే పడుతుందని అనుకునే దిగండి. మామూలు కారు ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, అందులో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు మినహాయింపు ఉంటుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అని అదనంగా కట్టి ఉంటే మాత్రం దాని షరతులు చదవండి.

తనిఖీలో రెండు రింగులే తేలితే కేసు ఊసు వదిలి బేరానికి దిగండి. 86 వేల ఎస్టిమేట్‌ను భాగాలు, లేబరు విడదీసి అడగండి. కొత్త ఇంజిన్ అసెంబ్లీ రాశారా, బేరింగులు, క్రాంక్ పాలిష్‌తో సరిపోతుందా అని మీ ఇంజనీరుతో చూపించండి. అప్పుడు మాత్రం విప్పడానికి సంతకం పెట్టవచ్చు, ‘వారంటీ వివాదంపై నా హక్కులకు భంగం లేకుండా’ అని పైన మీ చేత్తో రాసి.

ఈలోగా దించిన పాత ఆయిల్ డబ్బాలో ఉంటే కాలువలో పోయకండి, అది ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది. దాన్నీ మూతపెట్టి ఉంచండి. అందులో మెరిసే లోహపు పొడి ఉంటే, మీరు ఫిల్టర్ ముట్టుకోకముందే ఇంజిన్ అరుగుతోందని చెప్పడానికి పనికొస్తుంది. చిన్న సీసాలో అర లీటరు విడిగా తీసి తేదీ రాసి పెట్టండి.